బావి ఒకటే, చేదలు రెండు: ఒకే బ్యాంకులో రెండో క్రెడిట్ కార్డు తీసుకోవాలా?

దసరాకు వారం ముందు మా తమ్ముడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. జీతం పడే బ్యాంకులోనే మూడేళ్లుగా ఒక క్రెడిట్ కార్డు ఉంది, పరిమితి రెండు లక్షల రూపాయలు. అదే బ్యాంకు ఇంకో కార్డు ఇస్తామని, దానికి జీవితకాలం రుసుము ఉండదని సందేశం పంపింది. "అక్కా, ఇది కూడా తీసుకుంటే నాకు నాలుగు లక్షలు అవుతాయి కదా?" అని అడిగాడు.

కావు. చాలా సందర్భాల్లో ఆ రెండు లక్షలే రెండు కార్డుల మీద కనిపిస్తాయి. బావి ఒకటే, చేదలు రెండు. రెండో చేద కొన్నంత మాత్రాన నీళ్లు పెరగవు. అలాగని రెండో చేద ఎప్పుడూ దండగే అనను. తాగునీటికి ఒకటి, పెరటి మొక్కలకు ఒకటి అని పని విడదీసుకునే ఇంట్లో అది ఎంతో అక్కరకొస్తుంది. ఏ ఇంటికి ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి ముందు కొన్ని సంగతులు కుదురుగా చూసుకోవాలి.

## పరిమితి ఉమ్మడిదా, విడిదా?

మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు తెలియకుండా మిగతావి చూడటం వృథా.

రెండో కార్డు విషయంలో మన బ్యాంకులన్నీ ఒకే పద్ధతి పాటించవు. కొన్ని, ఉన్న పరిమితినే రెండు కార్డులకూ ఉమ్మడిగా ఉంచుతాయి. ఒకదాని మీద అరవై వేలు వాడితే రెండో దాని మీద కూడా అరవై వేలు తగ్గిపోతాయి. ఐసీఐసీఐ బ్యాంకు కార్డు ఉన్నవారు అదే బ్యాంకు ఇచ్చే అమెజాన్ పే కార్డు తీసుకున్నప్పుడు సాధారణంగా జరిగేది ఇదే. కొన్ని బ్యాంకులు పరిమితిని చీలుస్తాయి. రెండు లక్షలు కాస్తా ఒక కార్డు మీద లక్షా ఇరవై వేలు, మరోదాని మీద ఎనభై వేలు అవుతాయి. ఇంకొన్ని మాత్రమే ఆదాయం, పాత చెల్లింపుల తీరు చూసి విడిగా కొత్త పరిమితి ఇస్తాయి.

బ్యాంకులు ఉమ్మడి పద్ధతి వైపే మొగ్గడానికి ఒక కారణం ఉందని నా అంచనా. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు, బ్యాంకుల క్రెడిట్ కార్డు బాకీల రిస్కు భారాన్ని 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. అంతే అప్పుకు బ్యాంకు అంతకుముందు కంటే ఎక్కువ మూలధనం పక్కన పెట్టుకోవాలి. కొత్తగా అప్పు పరిధి పెంచకుండానే ఖాతాదారు చేతిలో ఇంకో కార్డు పెట్టడం బ్యాంకుకు సులువైన దారి. అందుకే "ప్రత్యేకంగా మీ కోసం" అని సందేశం వస్తే మురిసిపోకుండా, పరిమితి ఎంత, అది విడిగానా, ఉమ్మడిగానా అని రాతపూర్వకంగా అడగండి. ఈమెయిలు జవాబు చాలు.

## స్కోరు మీద ఏం పడుతుంది?

అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కుల్లాంటి సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కార్డుల విషయంలో దాన్ని కదిలించే వాటిలో ముఖ్యమైనవి సకాలంలో చెల్లింపు, పరిమితిలో ఎంత భాగం వాడుతున్నారన్నది, కొత్త దరఖాస్తులు, ఖాతాల వయసు. పరిమితిలో 30 శాతం లోపు వాడకం మంచిదని సాధారణంగా చెబుతారు.

మా తమ్ముడి లెక్కే చూడండి. ఉమ్మడి పరిమితి రెండు లక్షలు. పాత కార్డు మీద అరవై వేలు, కొత్తదాని మీద యాభై వేలు వాడాడనుకుందాం. ఒక్కో కార్డును విడిగా చూస్తే 30 శాతం, 25 శాతం అనిపిస్తుంది. నిజానికి బావిలోంచి తోడింది లక్షా పదివేలు, అంటే 55 శాతం. ఈ ఉమ్మడి పరిమితిని క్రెడిట్ సమాచార సంస్థలకు చెప్పే తీరు కూడా బ్యాంకును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల రెండు కార్డుల ఎదుటా పూర్తి రెండు లక్షలు కనిపిస్తుంది. అలా నమోదైతే ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు మీకు నాలుగు లక్షల కార్డు పరిమితి ఉన్నట్టు ఎదుటి బ్యాంకు చదువుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. రెండో కార్డు వచ్చిన రెండు మూడు నెలలకు ఒక నివేదిక తెప్పించుకుంటే మీ బ్యాంకు ఎలా రాస్తోందో మీకే తెలుస్తుంది.

పాత ఖాతాదారే కాబట్టి అదే బ్యాంకు మళ్లీ నివేదిక లాగదనుకోవడం పొరపాటు. చాలా చోట్ల లాగుతారు, అది ఎంక్వైరీగా, అంటే మీరు కొత్త అప్పు అడిగారన్న గుర్తుగా, నమోదవుతుంది. ఆరు నెలల్లో ఇంటి అప్పు, కారు అప్పు తీసుకోబోతుంటే ఏ కొత్త కార్డు జోలికీ వెళ్లవద్దనే చెబుతాను.

## బాకీ ఒకచోట తప్పితే రెండు చోట్లా తప్పినట్టే

దీని గురించి మాట్లాడేవారు తక్కువ. నాకు మాత్రం అన్నిటికంటే బరువుగా తోచేది ఇదే.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మొండి బాకీ వర్గీకరణ అప్పును బట్టి కాదు, అప్పు తీసుకున్న మనిషిని బట్టి జరుగుతుంది. ఒక కార్డు మీద కనీస చెల్లింపు గడువు దాటి 90 రోజుల్లోపు పూర్తిగా కట్టకపోతే ఆ ఖాతా మొండి బాకీ అవుతుంది. దానితో పాటు అదే బ్యాంకులో మీకున్న మిగతా కార్డులు, అప్పులు కూడా, సక్రమంగా కడుతున్నా సరే, ఆ లెక్కలోకే వెళతాయి. అంతదాకా రాకముందే బ్యాంకులు రెండో కార్డును ఆపేయడం మామూలే. వేరే బ్యాంకు కార్డయితే దెబ్బ నివేదికలో కనిపిస్తుంది కానీ ఆ కార్డు ఆ రోజే ఆగిపోదు.

జీతం ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అక్కడే ఉంటే ఇంకో మెలిక ఉంది. బాకీని మీ డిపాజిట్లలోంచి సర్దుకునే హక్కు తమకుందనే షరతు కార్డు ఒప్పంద పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. ఎస్‌బీఐ కార్డు ఇచ్చేది స్టేట్ బ్యాంకు కాదు, దాని అనుబంధ సంస్థ ఎస్‌బీఐ కార్డ్స్ అండ్ పేమెంట్ సర్వీసెస్. బ్యాంక్ ఆఫ్ బరోడా కార్డులకు కూడా బాబ్‌కార్డ్ అనే వేరే సంస్థ ఉంది. పేరు ఒకటే అయినా చట్టం దృష్టిలో గుమ్మాలు వేరు.

ఒకే బ్యాంకు మీద ఆనుకోవడంలో ఇబ్బందికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. తరచూ సాంకేతిక అంతరాయాలు రావడంతో 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా రిజర్వు బ్యాంకు ఆపింది. 2021 ఆగస్టులో తిరిగి అనుమతించింది. 2024 ఏప్రిల్ 24న కోటక్ మహీంద్రా బ్యాంకు మీద అలాంటి ఆంక్షే పెట్టి 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. పాత కార్డులు పనిచేస్తూనే ఉన్నాయి. కానీ బ్యాంకు వ్యవస్థే మొరాయించిన రోజున జేబులో అదే బ్యాంకు కార్డులు మూడున్నా ఆసుపత్రి బిల్లు కట్టలేరు.

## రెండు బిల్లులు, రెండు గడువులు

రెండు కార్డులున్నప్పుడు డబ్బు పోయేది ఎక్కువగా మరుపు వల్లే. నాకు ఒకే బ్యాంకులో రెండు కార్డులుండేవి. ఒకసారి ₹14,600 బిల్లును తొందరలో వాడని కార్డు నంబరుకు కట్టాను. యాప్‌లో రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకే బ్యాంకు కదా, సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. ఒక కార్డులో నా డబ్బు మిగులుగా కూర్చుంది. రెండో కార్డు మీద ఆలస్య రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, కొన్న రోజు నుంచి వడ్డీ పడ్డాయి. నేను గమనించింది పదకొండో రోజున. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మూడు రోజుల్లో చూసుకుని ఉంటే రుసుము తప్పేది.

అప్పటి నుంచి రెండు కార్డులకూ పూర్తి మొత్తానికి ఆటో డెబిట్ పెట్టించాను. కనీస మొత్తానికి కాదు, పూర్తి మొత్తానికి. కార్డు వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం ఉండటం సాధారణం, అంటే ఏడాదికి 40 శాతం చుట్టూ. ఏ రివార్డు పాయింట్లూ దాన్ని పూడ్చలేవు.

## ఉన్న దారులు

| దారి | పరిమితి | స్కోరు | బిల్లుల చిక్కు | అసలు లాభం |
|---|---|---|---|---|
| ఉన్న కార్డును పై రకానికి మార్చుకోవడం | పెరిగే అవకాశం | తక్కువ ప్రభావం | లేదు | మెరుగైన పాయింట్లు, విమానాశ్రయ లాంజ్ |
| అదే బ్యాంకులో రెండోది, ఉమ్మడి పరిమితి | పెరగదు | ఎంక్వైరీ ఉండవచ్చు | రెండు బిల్లులు | పని విభజన, యూపీఐ, పండుగ రాయితీలు |
| అదే బ్యాంకులో రెండోది, విడి పరిమితి | పెరుగుతుంది | ఎంక్వైరీ ఉండవచ్చు, వాడక శాతం తగ్గుతుంది | రెండు బిల్లులు | పైవన్నీ, పెద్ద ఖర్చుకు చోటు |
| వేరే బ్యాంకు కార్డు | పెరుగుతుంది | ఎంక్వైరీ తప్పదు | రెండు యాప్‌లు, రెండు బిల్లులు | ఒక బ్యాంకు ఆగినా రెండోది ఉంటుంది |
| యాడ్‌ఆన్ కార్డు (మీ ఖాతా మీదే ఇంట్లోవారికి ఇచ్చేది) | పెరగదు | కొత్త ఖాతా కాదు | ఒకే బిల్లు | ఇంట్లో ఇద్దరికి కార్డు |

పై రకానికి మార్చుకోవడం. ఎక్కువమంది దాటేసే దారి ఇది, నిజానికి చాలామందికి సరిపోయేదీ ఇదే. కొత్త బిల్లు, కొత్త గడువు ఉండవు. ఖాతా ప్రారంభ తేదీ పాతదే ఉంటుందా అని అడగండి. ఉంటే పాత ఖాతా వయసు చెక్కుచెదరదు. పాత పాయింట్లు ఏమవుతాయో కూడా కనుక్కోండి, ఎందుకంటే ఒకే బ్యాంకులో కూడా పాయింటు విలువ కార్డును బట్టి మారుతుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పోర్టల్‌లో విమాన టికెట్లకు రెగాలియా గోల్డ్ కార్డు పాయింటు అర్ధ రూపాయి అయితే ఇన్ఫీనియా కార్డు పాయింటు రూపాయి.

అదే బ్యాంకులో రెండోది. దీనికి నేను ఒప్పుకునే కారణాలు మూడు.

ఒకటి, యూపీఐ. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటిదే అయిన మన దేశపు కార్డు నెట్‌వర్క్ రూపే. ఆ క్రెడిట్ కార్డులను యూపీఐకి జోడించవచ్చని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో ప్రకటించింది, అదే ఏడాది సెప్టెంబరులో అది మొదలైంది. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులకు ఈ సౌకర్యం లేదు. కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ సెంటర్ లాంటి చోట్ల వ్యాపారుల కోడ్ స్కాన్ చేసి కార్డు నుంచే కట్టవచ్చు. మనుషులకు పంపడానికి మాత్రం కుదరదు. మీ పాత కార్డు వీసా అయితే అదే బ్యాంకు నుంచి రుసుము లేని రూపే కార్డు తీసుకోవడం అర్థవంతమైన పని. అది కూడా అక్కర్లేని వీలుంది: 2024 మార్చి 6 నాటి సర్క్యులర్ ప్రకారం పది లక్షలకు మించి కార్డులున్న సంస్థలు కొత్తగా కార్డు ఇచ్చేటప్పుడు, పాతవారికి కార్డు పునరుద్ధరణ సమయంలో, నెట్‌వర్క్ ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. మీ కార్డు గడువు ఆరు నెలల్లో ముగుస్తుంటే ఆగి రూపే అడగండి.

రెండు, భద్రత. ప్రతి కార్డుకూ ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చేసి కట్టే లావాదేవీలను విడివిడిగా ఆపే, పరిమితి పెట్టే మీటలు యాప్‌లో ఉండాలి. ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఒక కార్డు కేటాయించి దాని రోజువారీ పరిమితి తక్కువ పెట్టుకోండి. రెండో దాన్ని ఆన్‌లైన్‌లో పూర్తిగా ఆపేయండి. ఒకటి దొంగల చేతిలో పడి ఆపాల్సి వచ్చినా, కొత్తది వచ్చేదాకా రెండోది చేతిలో ఉంటుంది.

మూడు, బిల్లు తేదీలు. ఒక కార్డు బిల్లు నెల 5న, మరోదాని బిల్లు 20న పడేలా పెట్టుకుంటే, 6 నుంచి 20 దాకా మొదటి కార్డు, 21 నుంచి 5 దాకా రెండోది వాడవచ్చు. అలా కొన్నది తరువాతి బిల్లులోకి వెళుతుంది కాబట్టి కట్టడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. చిల్లర వ్యాపారులకు ఇది ఊపిరి తిప్పుకునే సమయం ఇస్తుంది. బిల్లు తేదీని కనీసం ఒక్కసారి మార్చుకునే వీలు ఇవ్వాలని నిబంధన ఉంది. ఒక్క హెచ్చరిక: ఒక కార్డులో పాత బాకీ మిగిలి ఉంటే దాని మీద వడ్డీ లేని గడువే పోతుంది, అప్పుడు ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

పండుగ అమ్మకాల్లో పది శాతం తక్షణ తగ్గింపు చాలాసార్లు ఒక్కో కార్డుకు ఇంత అని ఉంటుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ ఒక కార్డు మీద, వాషింగ్ మెషీన్ ఇంకో కార్డు మీద కొంటే రెండుసార్లు లాభం. కొన్నిసార్లు ఖాతాదారుకు ఇంత అని ఉంటుంది, షరతులు చదవాలి. దీని కోసమే కార్డు తీసుకోవడం నాకు నచ్చదు.

ఇక నష్టం వైపు. వార్షిక రుసుము మాఫీకి ఏటా ఇంత ఖర్చు చేయాలన్న షరతు చాలా కార్డులకు ఉంటుంది. ఇంటి కార్డు ఖర్చు ఏటా మూడు లక్షలు, మాఫీకి కావలసింది మూడు లక్షలు అనుకోండి. అందులో లక్ష రెండో కార్డుకు మళ్లిస్తే మొదటి దానికి రుసుము కట్టాలి. రెండో దాని లాభం ఆ రుసుము దాటుతుందా అని కాగితం మీద వేసి చూడండి. ఏడాదిలో కార్డు బిల్లులకు కట్టింది, నగదు కాకుండా, పది లక్షలు చేరితే ఆ సంస్థ ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. ఈ లెక్క ఒక్కో కార్డుకు కాదు, ఆ సంస్థ ఇచ్చిన మీ కార్డులన్నిటికీ కలిపి.

వేరే బ్యాంకు కార్డు. మొదటి కార్డు రెండేళ్లు సక్రమంగా నడిపి, ఇంటికి భద్రత కోసం రెండోది కావాలనుకునేవారికి నా మొదటి సలహా ఇదే. బావి వేరు, తాడు వేరు. యాప్ ఇంకోటి వస్తుంది, ఆ మాత్రం శ్రమ పడవచ్చు. అయితే బ్యాంకులూ కలిసిపోతుంటాయి. సిటీ బ్యాంకు రిటైల్ వ్యాపారం 2023 మార్చిలో యాక్సిస్ బ్యాంకుకు వెళ్లి, కార్డుల మార్పిడి 2024 జులైలో పూర్తయింది. రెండు బ్యాంకుల కార్డులు జాగ్రత్తగా పెట్టుకున్నవారు చూస్తుండగానే ఒకే బ్యాంకు ఖాతాదారులయ్యారు.

యాడ్‌ఆన్ కార్డు. భార్యకో, ఊళ్లో ఉన్న నాన్నగారికో కార్డు కావాలంటే చాలు. బాధ్యత మొత్తం అసలు కార్డుదారుదే. వారి పేరున చెల్లింపుల చరిత్ర మాత్రం పెరగదు. ఉద్యోగం లేని భార్య రేపు సొంతంగా అప్పు తీసుకోవాలనుకుంటే యాడ్‌ఆన్ పనికిరాదు. ఆమె పేరున చిన్న డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే కార్డు తీసుకోవడం మంచిది.

## ఎవరికి ఏది?

మొదటి ఉద్యోగంలో ఉండి, కార్డు తీసుకుని ఏడాది కూడా కానివారికి రెండోది ఏదీ వద్దు. ఉన్నదాని మీద పరిమితి పెంచమని అడగండి.

విజయవాడలోనో వరంగల్‌లోనో దుకాణం నడుపుతూ సరుకు కొనుగోళ్లకు కార్డు వాడేవారికి, అదే బ్యాంకు రూపే కార్డు, వేరే బిల్లు తేదీతో, బాగా పనిచేస్తుంది. ఇంటి ఖర్చు, కొట్టు ఖర్చు విడివిడి బిల్లుల్లో కనిపించడం ఒక్కటే నా దృష్టిలో ఆ కార్డు తీసుకోవడానికి చాలినంత కారణం.

నెలాఖరుకు కనీస మొత్తం మాత్రమే కట్టగలుగుతున్నవారికి ఏ రెండో కార్డూ వద్దు. ఉన్న బాకీని తక్కువ వడ్డీ వ్యక్తిగత రుణంగా మార్చుకునే దారి చూడాలి. ఒకే బ్యాంకు రెండో కార్డు వారికి మరీ ప్రమాదం, ఒక తప్పటడుగు రెండు ఖాతాలనూ లాగేస్తుంది.

తరచూ విమానాల్లో తిరిగేవారు, ఏడాదికి ఐదారు లక్షలు కార్డు మీద ఖర్చు చేసేవారు పై రకం కార్డు ఒకటి, వేరే బ్యాంకుది ఒకటి పెట్టుకోవడం మేలు.

మా తమ్ముడి పాత కార్డు వీసా, గడువు 2028 దాకా ఉంది. ఇంటి అప్పు ఆలోచన ఇప్పట్లో లేదు, ప్రతి నెలా పూర్తిగా కడతాడు. బ్యాంకు ఇస్తానన్నది రూపే కార్డు, పరిమితి ఉమ్మడి. తీసుకోమన్నాను. కిరాణా, పెట్రోలు, మందులు దాని మీదకు మార్చి, రెండిటికీ పూర్తి మొత్తానికి ఆటో డెబిట్ పెట్టించాం. వేరే బ్యాంకు కార్డు మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నాను.

## వద్దనుకుంటే

మీరు అడగకుండానే కార్డు పంపడం నిబంధనలకు విరుద్ధం. అలా పంపి బిల్లు వేస్తే, ఆ మొత్తం వెనక్కి తీసుకోవడమే కాక దానికి రెట్టింపు పరిహారం చెల్లించాలి. కార్డు జారీ అయిన 30 రోజుల్లో మీరు దాన్ని క్రియాశీలం చేయకపోతే ఓటీపీతో మీ సమ్మతి అడగాలి, సమ్మతి ఇవ్వకపోతే రుసుము లేకుండా మూసేయాలి.

ఉన్న రెండిట్లో ఒకటి మూసేయాలంటే ముందు పాయింట్లు వాడేయండి, చందాలకు ఇచ్చిన అనుమతులు రద్దు చేయండి, బాకీ సున్నా చేయండి. చీలిన పరిమితి అయితే దాన్ని మిగిలే కార్డుకు కలపమని అభ్యర్థన పెట్టి, అది జరిగాకే మూసివేత అడగండి. ఉమ్మడి పరిమితి అయితే ఆ బెంగ లేదు. పాత కార్డును ఉంచి కొత్తదాన్ని మూయడం ఖాతా వయసుకు మంచిది. బాకీ లేనప్పుడు ఏడు పని దినాల్లో బ్యాంకు మూసేయాలి, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు ₹500 చొప్పున చెల్లించాలి. అభ్యర్థన నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.